సంఘం ఈమెయిళ్లకు జవాబులు రావడం మొదలైన తీరు

మా అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి బాధ్యత నేను తీసుకునేనాటికి, సంఘం పంపే ఈమెయిళ్లను చాలామంది తెరిచి చూడడమే మానేశారు. అన్నింటికీ “ముఖ్య గమనిక” అనే ఒకే సబ్జెక్టు ఉండేది. అందరి చిరునామాలూ ‘టు’ గడిలోనే ఉండేవి కనుక, ఒకరు ‘రిప్లై ఆల్’ నొక్కి “సరే” అన్నా అది ప్రతి ఇంటికీ చేరేది.

మొదట సబ్జెక్టు మార్చాను. “బోరు మోటారు మరమ్మతు: కొటేషన్లపై మీ అభిప్రాయం శనివారంలోగా తెలపండి” అని రాస్తే, మెయిల్ తెరవకముందే విషయమూ, చేయవలసిన పనీ, గడువూ తెలిసిపోతాయి. నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చినది ఇదే.

తరువాత ‘టు’ గడిలో సంఘం చిరునామా ఒక్కటే ఉంచి, సభ్యులందరినీ ‘బీసీసీ’లోకి మార్చాను. అక్కడున్నవారి చిరునామాలు ఇతరులకు కనిపించవు, రిప్లై ఆల్ నొక్కినా జవాబు వారికి వెళ్లదు. పైగా ఒకరి చిరునామాను వారిని అడగకుండా మరొకరికి చూపకపోవడం కనీస మర్యాద.

జతచేసే ఫైళ్ల సంగతి కొంత చిక్కు. జీమెయిల్‌లో పరిమితి 25 ఎంబీ అయినా, పంపేటప్పుడు ఫైలును బేస్64 పద్ధతిలో అక్షరాలుగా మార్చడం వల్ల దాని పరిమాణం సుమారు మూడోవంతు పెరుగుతుంది; అందుకే 20 ఎంబీ స్కాన్ కూడా అవతలి సర్వరు నుంచి తిరిగి రావచ్చు. ఆడిట్ పత్రాలకు ఇప్పుడు డ్రైవ్ లింకు ఇస్తూ, ఫోనులో చదివే పెద్దవారి కోసం ముఖ్యమైన అంకెలను మెయిల్‌లోనే రాస్తున్నాను.

లిఫ్టు గురించి కోపంగా వచ్చే మెయిళ్లకు మాత్రం “మీ ఫిర్యాదు అందిందండీ, వివరంగా రేపు రాస్తాను” అని ఆ పూటే తెలిపి, అసలు జవాబు మర్నాడు పంపుతున్నాను.