సంక్రాంతికి ఊరెళ్తున్నారా? బరువు తగ్గేవాళ్లు బస్సెక్కే ముందు చూసుకోవాల్సినవి

పండగకి అరిసె ముట్టుకోనని ఒట్టు పెట్టుకుని విజయనగరమో శ్రీకాకుళమో బస్సెక్కేవాళ్లను చూస్తే నాకు టెన్షన్. భోగి సాయంత్రం పిన్ని బలవంతం మీద ఒకటి తింటారు, ఒట్టు ఎలాగూ పోయింది కదా అని ఇక చెయ్యి ఆగదు, కనుమ నాటి గారెలూ కోడికూరా అయ్యాక 'మన వల్ల కాదులే' అనుకుని వైజాగ్ తిరిగొచ్చి ఉగాది దాకా బీచ్ రోడ్డు మొహం చూడరు. ముంచేది అరిసె కాదు, ఆ 'మన వల్ల కాదులే'. జాగ్రత్త పడాల్సింది దాని దగ్గరే.

అందుకే తప్పుతామని బయల్దేరే ముందే ఒప్పేసుకోండి. పండగలో ఏం తినకూడదో రాసుకోవడం కన్నా తిరిగొచ్చిన మర్నాడు ఎన్నింటికి లేస్తారు, ఎవరితో నడుస్తారు, టిఫిన్ ఏంటి అన్నది రాసుకోండి. తోడు వచ్చేవాళ్లకి ఇప్పుడే చెప్పి ఉంచండి, ఆర్కే బీచ్‌లో ఆరింటికి ఒక మనిషి మీకోసం నిలబడి ఉంటే మళ్లీ దుప్పటి కప్పుకోవడం కష్టం. ఊళ్లో నడక మాత్రం పెద్దగా ఆశించకండి, కనుమ నాడు కాకైనా కదలదంటారు, మనమెంత.

రాగానే బరువు చూసుకోవద్దు, కనీసం నాలుగైదు రోజులు ఆగండి. రెండు కిలోలు పెరిగినట్టు కనిపిస్తే గుండె జారిపోతుంది కానీ అందులో ఎక్కువ భాగం నీళ్లే. పిండివంటల నుంచి ఒంట్లో గ్లైకోజెన్ (ఒళ్లు దాచుకునే చక్కెర నిల్వ) చేరుతుంది, అది ఒక్కో గ్రాముకి దాదాపు 3 గ్రాముల నీళ్లు పట్టి ఉంచుతుంది, పైగా జంతికల ఉప్పు ఒకటి. నిజంగా కిలో కొవ్వు చేరాలంటే మామూలు తిండి మీద ఇంకో 7,700 కేలరీలు పడాలి, మూడు రోజుల్లో రెండు కిలోలంటే 15 వేలు, అంత తినడం మన పెద్దనాన్నల వల్ల కూడా కాదు.

అసలు ప్రమాదం తిరుగు ప్రయాణంలో సంచిలో వస్తుంది. అమ్మ సర్దిచ్చిన డబ్బాలు ఫ్రిజ్ మీద కూర్చుంటే పండగ నెలాఖరు దాకా సాగుతుంది. దిగిన రోజే వాచ్‌మన్ ఇంటికో, పక్క ఫ్లాట్‌కో, ఆఫీసుకో పంచేయండి, మీకు రెండు రోజులకి సరిపడా ఉంచుకోండి. వద్దని అమ్మతో గొడవ మాత్రం పెట్టుకోకండి, గెలవరు.

ఇక తప్పాక చేయాల్సిన పని, చాలామంది వదిలేసేది ఇదే. తిట్టుకోవడం ఆపి, ఎప్పుడు ఎలా తప్పిందో రెండు ముక్కలు రాసుకోండి. మధ్యాహ్నం అందరితో కూర్చున్నప్పుడు బాగానే తిన్నారు, రాత్రి కబుర్లలో జంతికల డబ్బా ఒళ్లో పెట్టుకున్నాకే లెక్క పోయింది, లేదా భోజనం కోసమని పొద్దున్న టిఫిన్ మానేసి దానికి రెట్టింపు లాగించారు, ఇలాంటివి ఏ డైట్ చార్టులోనూ ఉండవు, తప్పితేనే తెలుస్తాయి. ఆ వెనకే మాఘమాసం పెళ్లిళ్లు ఉన్నాయి, ఆ కాగితం అప్పుడు పనికొస్తుంది. ఒకసారి జారి, వారంలోపే మళ్లీ బీచ్ రోడ్డెక్కిన మనిషికి పెళ్లి భోజనమంటే అంత భయం ఉండదు, 'పోయినసారీ తప్పాను, వచ్చేశాను కదా' అని తనకే గుర్తుంటుంది. ఎప్పుడూ తప్పని వాళ్లకి ఈ ధైర్యం దొరకదు, నా లెక్కలో పట్టుదల అంటే ఇదే.

పరిహారం పేరుతో కడుపు మాడ్చుకోవద్దు, సాయంత్రానికి ఆకలి వడ్డీతో సహా వసూలు చేస్తుంది. వచ్చిన మర్నాడే కైలాసగిరి మెట్లు పరుగున ఎక్కేయకండి, ముందు చదును రోడ్డు మీద నడవండి, మోకాళ్లు బతుకుతాయి. షుగర్‌కి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా పూట మానేయకూడదు, షుగర్ పడిపోతే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలవుతాయి, నడకకి వెళ్లేటప్పుడు జేబులో గ్లూకోజ్ పొట్లం ఉండాల్సిందే.