తూము మూసుకుపోకుండా ఇలా చేశాం

మా కాలనీ వాన నీటి గుంట పెద్దదే. అయినా గట్టి వాన పడితే చాలు, నీళ్లు గట్టు పొర్లి రోడ్డెక్కేవి. చిక్కంతా నీళ్లు బయటికి పోయే తూము దగ్గరే. పైపు మూతికి ఆనించి బిగించిన జాలీకి పాల ప్యాకెట్లు, కవర్లు, ఆకులు అట్టకట్టేవి. వెనక నీటి ఒత్తిడి ఉన్నంతసేపూ గడ్డపారతో పెకలించినా కదిలేవి కావు.

జాలీ తీయించి, మూతికి దూరంగా, ఏటవాలుగా ఇనుప ఊచల చట్రం పెట్టించాను. వైశాల్యం పైపు మూతికి పది రెట్ల పైమాటే. అందువల్ల ఊచల మధ్య నీటి వేగం తగ్గుతుంది. మట్టం పెరిగేకొద్దీ చెత్త పైకి జరిగి కింద దారి తెరిచే ఉంటుంది. ఊచలు మరీ దగ్గరగా వద్దు. ఆకులు పోతే పోనీ, పైపులో ఇరుక్కునేవి ఆగితే చాలు. నీళ్లొచ్చే వైపు చిన్న రాతి తొట్టి కట్టించాం, ఇసుక అందులోనే దిగుతుంది. చట్రం పూర్తిగా మూసుకుపోయినా గట్టు తెగకుండా పక్కనే కాంక్రీటు అలుగు వేశాం, మిగులు నీరు దాని మీదుగా కాలవలో పడుతుంది.