కండిషనర్ సీసా వెనకవైపు ఎలా చదవాలి?

కండిషనర్ కొనేటప్పుడు చాలామంది చూసేది సీసా ముందువైపే. ఆర్గాన్ నూనె బొమ్మ, కెరాటిన్ అనే మాట, మెరిసిపోయే జడ. కోఠీలో కొన్నా, కూకట్‌పల్లి మాల్‌లో కొన్నా, లోపల ఏముందో చెప్పేది మాత్రం వెనకాల చిన్న అక్షరాల్లో ఉండే జాబితాయే.

ముందుగా ఫోన్ కెమెరా తీసి ఆ జాబితాను జూమ్ చేయండి. దిగుమతి సరుకైతే ఒక్కోసారి ఎమ్మార్పీ స్టిక్కర్ సరిగ్గా దాని మీదే అంటిస్తారు. అలాంటి సీసాను పక్కన పెట్టేయడమే మేలు.

ఇప్పుడు వరస చూడండి. ఒక శాతం కంటే ఎక్కువ ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది మన దేశంలో నిబంధన. ఒక శాతం, అంతకు తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. ఆ గీత ఎక్కడుందో సీసా మీద రాయరు గానీ, పట్టుకోవడానికి ఓ చిట్కా ఉంది. సరుకు పాడవకుండా వేసే ఫినాక్సీఇథనాల్‌ను ఒక శాతానికి మించి వాడరు. కాబట్టి దాని తర్వాత కనిపించేవేవీ ఒక శాతం దాటవు. ముందువైపు అంత పెద్దగా బొమ్మ వేసిన ఆర్గాన్ నూనె దీని వెనకాల ఉంటే, అది పోపులో ఇంగువంత. ఇంగువ అంతైనా వాసన తెలుస్తుంది, ఇది అదీ తెలియదు.

అసలు పని చేసేవి సాధారణంగా జాబితా పైభాగంలోనే ఉంటాయి. నీళ్ల తర్వాత సీటైల్, స్టియరిల్, సీటియరిల్ ఆల్కహాల్ కనిపిస్తాయి. ఆల్కహాల్ అనగానే టెన్షన్ పడక్కర్లేదు. ఇవి మైనంలాంటి కొవ్వు పదార్థాలు, కండిషనర్‌కు చిక్కదనం, జుట్టుకు మెత్తదనం ఇస్తాయి. జుట్టును పొడిబార్చేది ఆల్కహాల్ డినాట్. అది పైవరసలో ఉంటే వద్దు.

తర్వాత ‘మోనియం’ అనే తోక ఉన్న పేర్లు వెతకండి: బెహెన్‌ట్రైమోనియం క్లోరైడ్, సెట్రిమోనియం క్లోరైడ్ వంటివి. చిక్కు విప్పేవి ఇవే. దెబ్బతిన్న జుట్టు మీద రుణావేశం ఎక్కువగా ఉంటుంది, వీటిది ధనావేశం. అందుకే నీళ్లు పోసి కడిగినా ఒక పలచని పొర అంటుకునే ఉంటుంది. బెహెన్‌ట్రైమోనియం కాస్త బరువు, ఒత్తుగా, బిరుసుగా ఉన్న జుట్టుకు నప్పుతుంది. పలచటి జుట్టుకు సెట్రిమోనియం తేలిక.

డైమెథికోన్, అమోడైమెథికోన్ లాంటి ‘కోన్’ తోకవి సిలికోన్లు. వీటిని విషంలా చూసేవాళ్లున్నారు, నాకైతే అంత భయం అనవసరమనిపిస్తుంది. జుట్టును నునుపు చేసి, దువ్వేటప్పుడు తెగిపోకుండా కాపాడతాయి. కాకపోతే డైమెథికోన్ నీళ్లలో కరగదు. మీరు కుంకుడుకాయతోనో, సల్ఫేట్ (జిడ్డును గట్టిగా వదిలించే నురగ పదార్థం) లేని షాంపూతోనో మాత్రమే తలంటుకుంటే అది పూర్తిగా వదలక పేరుకుని జుట్టు బరువెక్కినట్టు అనిపించవచ్చు. అప్పుడు సిలికోన్ లేనిది చూసుకోండి.

ఇక రెండు సీసాలు పక్కపక్కన పెట్టి మొదటి ఐదారు పేర్లు పోల్చండి. అవి ఒకటే అయితే పని కూడా దాదాపు ఒకటే, ధరలో తేడా ఎక్కువగా వాసనకూ పేరుకూ కట్టేదే. ఎమ్మార్పీ దగ్గర మిల్లీలీటరుకు ఎంతో కూడా వేస్తారు, దాన్నే చూడండి.

మన ఊళ్లో నీళ్ల సంగతీ లెక్కలోకి తీసుకోవాలి. బోరు, ట్యాంకర్ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే జుట్టు గరుకుగా అవుతుంది. అలాంటిచోట ‘మోనియం’, ‘కోన్’ రెండూ ఉన్న కండిషనర్ బాగా అక్కరకొస్తుంది. అయితే కుదుళ్ల నుంచి ఊడే జుట్టును ఏ కండిషనరూ ఆపదు, దానికి చర్మవైద్యుల దగ్గరకు వెళ్లాలి.

చర్మం సున్నితమైనవాళ్లు, సరుకు పాడవకుండా వేసే మిథైల్‌ఐసోథయాజోలినోన్ ఉందేమో చూసుకోవాలి. అలర్జీల కారణంగా, కడగకుండా వదిలేసే ఉత్పత్తుల్లో దాన్ని యూరప్ 2017లోనే నిషేధించింది. కొత్తదేదైనా ముందు చెవి వెనకాల కాస్త రాసి, ఒకటి రెండు రోజులు ఆగండి. ఇందుకు పెద్ద సీసా కంటే సాషే చాలు. దాని వెనక జాబితా సీసా మీది జాబితాతో సరిపోయిందో లేదో మాత్రం చూసుకోండి, పేరు ఒకటే అయినా లోపలి సరుకు వేరు కావచ్చు.