గెలాక్సీ గుచ్ఛాలను చదువుదాం – పాఠం 4: వెలుగు చాపాలు ఎలా ఏర్పడతాయి?

ద్రవ్యరాశి పక్కనుంచి వెళ్లే కాంతి వంగుతుందనీ, సూర్యుడి అంచున ఆ వంపు 1.75 ఆర్క్‌సెకన్లనీ (ఆర్క్‌సెకన్ అంటే డిగ్రీలో 3,600వ వంతు) కిందటి పాఠంలో చూశాం. ఇప్పుడు హబుల్ టెలిస్కోప్ తీసిన ఏబెల్ 370 అనే గెలాక్సీ గుచ్ఛం ఫొటోను స్క్రీన్ మీద తెరిచి పెట్టుకోండి.

పసుపుపచ్చగా, ఉబ్బెత్తుగా ఉన్నవి గుచ్ఛంలోని గెలాక్సీలు. వాటి మధ్య సాగదీసినట్టు ఒక పొడవాటి చాపం ఉంటుంది. 1980లలో దీన్ని అమెరికాలో లిండ్స్, పెట్రోసియన్, ఫ్రాన్స్‌లో సుకాయ్ బృందం విడివిడిగా గుర్తించారు. గుచ్ఛంలోనే కొత్తగా పుడుతున్న నక్షత్రాల వరుసేమో అన్న ఆలోచన కూడా అప్పట్లో ఉండేది. తేల్చింది వర్ణపటం. గుచ్ఛం రెడ్‌షిఫ్ట్ (కాంతి ఎరుపు వైపు ఎంత జరిగిందో చెప్పే కొలత, ఇది ఎక్కువైతే దూరం ఎక్కువ) సుమారు 0.37, చాపానిది 0.72. అంటే అది గుచ్ఛంలోది కానే కాదు, చాలా వెనకనున్న వేరే గెలాక్సీ! గెలాక్సీలు కటకాల్లా పనిచేస్తాయని ఖగోళ శాస్త్రవేత్త జ్వికీ 1937లోనే రాశాడు. గుచ్ఛాల్లో ఇలాంటి చాపంతో రుజువుకి యాభై ఏళ్లు పట్టింది.

మరి చాపమే ఎందుకు? వెనకున్న గెలాక్సీ, గుచ్ఛం కేంద్రం, మనం సరిగ్గా ఒకే గీత మీద ఉంటే, గుచ్ఛం కూడా గుండ్రంగా ఉంటే, కాంతి అన్ని వైపుల నుంచీ సమానంగా వంగి పూర్తి వలయం కనిపిస్తుంది. కాస్త పక్కకి జరిగితే వలయం తెగి ముక్కలే మిగులుతాయి. అందుకే బొమ్మ కేంద్రం చుట్టూ సాగుతుంది, కేంద్రం వైపు అంతగా సాగదు. చాపం లోపలి వంపు ఎటు తిరిగి ఉందో చూడండి. ద్రవ్యరాశి అటే ఉంటుంది.

ఒక జాగ్రత్త. గెలాక్సీలు ఢీకొన్నప్పుడు బయటికి వచ్చే తోకలు కూడా వంగే ఉంటాయి. కానీ తోక మొదట్లో దాని గెలాక్సీ తగిలి ఉంటుంది, రెడ్‌షిఫ్ట్ కూడా దానిదే ఉంటుంది.

ఇక నాకు బాగా ఇష్టమైన లెక్క: వలయం లోపల ఎంత ద్రవ్యరాశి ఉందో కనుక్కోవడం. వలయం వ్యాసార్ధాన్ని ఆర్క్‌సెకన్లలో తీసుకుని వర్గం చేయండి. ఏబెల్ 370 దూరాలకైతే దాన్ని సుమారు 30,000 కోట్లతో గుణించాలి. 30 ఆర్క్‌సెకన్లు అనుకుంటే 900 × 30,000 కోట్లు, అంటే 2.7 కోట్ల కోట్ల సూర్యుళ్ల ద్రవ్యరాశి. అందులో నక్షత్రాల వాటా చాలా తక్కువ. కొంత వేడి వాయువు, ఎక్కువ భాగం కంటికి కనిపించని కృష్ణ పదార్థం.

అభ్యాసం: వ్యాసార్ధం 15 అయితే ద్రవ్యరాశి ఎంత? జవాబు రాసి ఉంచుకోండి, పాఠం 5లో దానితోనే మొదలుపెడతాం.