థాయ్‌లాండ్ ప్రయాణంలో తలెత్తే చిక్కులు: లక్షణం, కారణం, పరిష్కారం

హైదరాబాద్ నుంచి కొద్ది గంటల్లోనే చేరుకోవచ్చు కాబట్టి, మొదటి విదేశ ప్రయాణానికి మనవారిలో చాలామంది థాయ్‌లాండ్‌నే ఎంచుకుంటున్నారు. అక్కడి మనుషులు మృదువుగా మాట్లాడతారు, రాత్రివేళ వీధులు ఏ కట్టుబాటూ లేనట్లు కనిపిస్తాయి. ఈ రెండింటినీ చూసి చట్టం కూడా అంతే మెత్తగా ఉంటుందని అనుకోవడమే కింద చెప్పిన చిక్కుల్లో ఎక్కువ వాటికి మూలం. మిగిలినవి, ముఖపరిచయం లేని మనిషి చూపే అతి చొరవను నమ్మడం వల్ల వస్తాయి.

“ఈ రోజు ప్యాలెస్ మూసేశారు” అని దారిలో ఎవరో చెప్పారు

బ్యాంకాక్‌లో గ్రాండ్ ప్యాలెస్ గోడ వెంట నడుస్తుండగా, నీటుగా బట్టలు వేసుకున్న ఒక వ్యక్తి ఎదురై, లోపల ఏదో పూజ జరుగుతున్నందున మధ్యాహ్నం దాకా ఎవరినీ రానివ్వరని చెప్పి, ఈలోగా 20 బాట్లకే (బాట్ అక్కడి కరెన్సీ) డ్రైవరు ఊరంతా చూపిస్తాడంటూ పక్కనే ఉన్న టుక్ టుక్‌ను (అక్కడి ఆటోను) పిలుస్తాడు. ఆ బండి చివరికి ఆగేది రత్నాల దుకాణం ముందో, దర్జీ దుకాణం ముందో. మనిషిని అక్కడికి చేర్చినందుకు డ్రైవరుకు కమీషన్ ముడుతుంది కాబట్టే బాడుగ అంత చవక. జాతకరీత్యా నీలమో కెంపో పెట్టుకునే అలవాటున్న కుటుంబాలు ఈ వలలో మరీ తేలికగా పడతాయి. మీ దేశంలో అమ్మితే రెట్టింపు ధర వస్తుందన్న మాట చెవిన పడగానే దుకాణం నుంచి బయటికి నడవడం మంచిది.

ప్యాలెస్ సాధారణంగా రోజూ ఉదయం 8:30 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు సందర్శకులను అనుమతిస్తుంది. అందువల్ల దారిలో ఎవరు ఏమి చెప్పినా నవ్వి ఊరుకుని, టికెట్ కౌంటరు దాకా వెళ్లి అక్కడే అడగాలి. ఇప్పటికే కొనేసి ఉంటే, రసీదు, కార్డు స్లిప్పు, దుకాణం ఫోటో దగ్గర పెట్టుకుని ఆలస్యం చేయకుండా పర్యాటక పోలీసుల నంబరు 1155కు ఫోన్ చేయాలి.

గుడి ద్వారం దగ్గర వెనక్కి పంపేశారు, లేదా లోపల ఎవరో మందలించారు

భుజాలు, మోకాళ్లు కనిపించే దుస్తులే దీనికి ముఖ్య కారణం. గ్రాండ్ ప్యాలెస్ ఆవరణలోని బుద్ధుడి గుడి వాట్ ఫ్రా కేయోలో ఈ నియమం పురుషులకూ వర్తిస్తుంది, నిక్కరుతో వెళ్తే ఎవరినీ రానివ్వరు. చెప్పులు విడవడం మనకు నేర్పనక్కరలేదు, గడప తొక్కకుండా దాటి వెళ్లాలన్న పట్టింపు కూడా అక్కడ మన ఇళ్లలో ఉన్నట్లే ఉంది. మనవారు పొరబడేది ఇతర విషయాల్లో. బుద్ధ విగ్రహం వైపు కాళ్లు చాపి కూర్చోవడం, విగ్రహం మీదికి ఎక్కి ఫోటో దిగడం, ముద్దుగా ఉందని పిల్లల తల నిమరడం అక్కడ అమర్యాద. స్త్రీలు భిక్షువులను తాకరాదు, ఏదైనా ఇవ్వాలంటే ఆయన పరిచిన గుడ్డ మీద ఉంచాలి. మందలింపు ఎదురైతే వాదించకుండా చేతులు జోడించి పక్కకు తప్పుకుంటే విషయం అక్కడితో ముగుస్తుంది.

రాజు విషయం మాత్రం మందలింపుతో ముగియదు. శిక్షాస్మృతిలోని 112వ సెక్షన్ ప్రకారం రాజును, రాణిని, యువరాజును అవమానిస్తే ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్ల జైలు పడవచ్చు, ఫోన్‌లో పెట్టిన పోస్టు కూడా ఇందులోకి వస్తుంది. ఉదయం 8 గంటలకు, సాయంత్రం 6 గంటలకు బహిరంగ స్థలాల్లో జాతీయగీతం వినిపించి చుట్టూ ఉన్నవారు ఆగిపోతే, మనం కూడా ఆగి నిలబడాలి.

జెట్ స్కీ తిరిగి ఇచ్చాక గీతలు పడ్డాయంటూ వేల బాట్లు అడుగుతున్నారు

నీటి మీద నడిపే మోటారు బండి జెట్ స్కీని అద్దెకిచ్చే పట్టాయా, ఫుకెట్ తీరాల్లో పాతుకుపోయిన మోసం ఇది. ముందే ఉన్న గీతను, అదీ నీటి కిందుండే అడుగుభాగంలో ఉన్నదాన్ని, మీ వల్లనే పడిందని చూపిస్తారు. తాకట్టుగా తీసుకున్న పాస్‌పోర్టు వాళ్ల చేతిలో ఉంటుంది. పక్కన మరో నలుగురు చేరతారు, సాయంత్రానికి విమానం ఉందన్న సంగతి కూడా వాళ్లకు మన మాటల్లోనే తెలిసిపోయి ఉంటుంది. బేరమాడితే సగానికి తగ్గిస్తారు, తగ్గింది కదా అని చాలామంది కట్టేసి వస్తారు.

అసలు కారణం గీత కాదు, పాస్‌పోర్టు ఇవ్వడం. దాన్ని హోటల్‌లోనే భద్రపరచి జిరాక్సు కాపీ వెంట ఉంచుకోవాలి. పాస్‌పోర్టు లేనిదే బండి ఇవ్వనన్నవాడి దగ్గర బండి తీసుకోకూడదు. తీసుకునే ముందు యజమాని ఎదుటే నాలుగు వైపులా, అడుగుభాగంతో సహా, వీడియో తీయాలి. గొడవ అప్పటికే మొదలై ఉంటే గొంతు పెంచకుండా 1155కు ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా డబ్బు ఇవ్వకుండా అక్కడే నిలబడాలి. అరుపుల వల్ల చుట్టూ ఉన్న థాయ్ ప్రజల సానుభూతి కూడా అవతలి పక్షానికే వెళ్తుందన్నది గుర్తుంచుకోదగిన విషయం.

అద్దె స్కూటర్లకూ ఇదే వర్తిస్తుంది, పైగా అక్కడ లైసెన్సు చిక్కు కూడా ఉంది. ద్విచక్ర వాహనానికి చెల్లే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ లేకుండా ప్రమాదం జరిగితే, ప్రయాణ బీమా కంపెనీ ఆసుపత్రి ఖర్చు ఇవ్వకపోవచ్చు.

హోటల్ గదిలో పేకాట ఆడుతుంటే పోలీసులు వచ్చారు

బృందంగా వెళ్లే మనవారికి ఈ హెచ్చరిక అన్నింటికన్నా అవసరం. థాయ్‌లాండ్‌లో 1935 నాటి జూద చట్టంతో పాటు పేకముక్కల మీద విడిగా ఒక నియమం కూడా ఉంది. ఈ నియమం ప్రకారం అనుమతి లేకుండా 120కి మించి పేకముక్కలు దగ్గర ఉంచుకోవడమే నేరం. రమ్మీకి మూడు కట్టలు కలిపితే జోకర్లు కాక 156 ముక్కలవుతాయి, అంటే ఒక్క రూపాయి పందెం లేకపోయినా పరిమితి దాటినట్లే. 2016 ఫిబ్రవరిలో పట్టాయాలో బ్రిడ్జి అనే పేకాట ఆడుకుంటున్న 32 మంది విదేశీయులను, వారిలో 84 ఏళ్ల వృద్ధురాలిని కూడా, పోలీసులు స్టేషనుకు తీసుకెళ్లారు. 2023లో అదే ఊళ్లో ఒక హోటల్‌పై జరిగిన జూదం దాడిలో పెద్ద సంఖ్యలో భారతీయులు అరెస్టయ్యారు, వారిలో తెలుగువారూ ఉన్నారు.

కాబట్టి పేక కట్టలను ఇంటి దగ్గరే వదిలి వెళ్లడం మేలు. పట్టుబడితే తలుపు వేసుకోవడం, పారిపోవడం, నోట్లు చేతిలో పెట్టబోవడం కేసును మరింత బిగిస్తాయి. భారత రాయబార కార్యాలయానికి తెలియజేయమని, అనువాదకుడిని ఇవ్వమని అడగాలి, అర్థంకాని థాయ్ కాగితం మీద సంతకం చేయకూడదు.

వీధిలో ఒక స్త్రీ కోపంగా ఫోన్‌కు చేయి అడ్డుపెట్టింది

బార్లతో నిండిన పట్టాయా వాకింగ్ స్ట్రీట్‌లో వీడియో తీస్తూ నడిచే మన కుర్రవాళ్లకు ఇది తరచూ ఎదురవుతుంది. కారణం దాచవలసిన పని లేదు. అక్కడ పనిచేసే ఆడవారు ప్రదర్శనకు పెట్టిన వస్తువులన్నట్లు అనుమతి లేకుండా వారి ముఖాలు చిత్రీకరిస్తున్నారు, తెలుగులో వ్యాఖ్యానిస్తే తెలియదని భావిస్తున్నారు. నవ్వు ఏ భాషలో ఉన్నా అర్థమవుతుంది. వెంటనే క్షమాపణ చెప్పి, ఆమె చూస్తుండగానే వీడియో తొలగించాలి.

తిరుగు ప్రయాణంలో ఒక ప్యాకెట్ తీసుకెళ్లమని అడుగుతున్నారు

థాయ్‌లాండ్ 2022 జూన్‌లో గంజాయిని మాదకద్రవ్యాల జాబితా నుంచి తొలగించి, 2025 జూన్‌లో దాన్ని వైద్యుల చీటీకే పరిమితం చేసింది. అక్కడ దుకాణంలో కనిపించినంత మాత్రాన మన దేశంలో చెల్లదు, ఇక్కడ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వర్తిస్తుంది. బ్యాంకాక్ నుంచి వచ్చిన ప్రయాణికుల దగ్గర శంషాబాద్ విమానాశ్రయంలో గంజాయి పట్టుబడిన సందర్భాలు చాలా ఉన్నాయి. టికెట్ ఖర్చు మేమే భరిస్తాం, చాక్లెట్ డబ్బాలు మాత్రం తీసుకెళ్లండి అన్న ప్రస్తావన వచ్చిందంటే ఆ డబ్బాల్లో ఏముందో అడగనవసరం లేదు, ముట్టకుండా నిరాకరించాలి. ఈ-సిగరెట్లు అక్కడా నిషిద్ధమే, ఇక్కడా నిషిద్ధమే.

బ్యాంకాక్‌లో ఉద్యోగమన్నారు, కారు మాత్రం ఊరు దాటి గంటల తరబడి వెళ్తోంది

డేటా ఎంట్రీ, డిజిటల్ మార్కెటింగ్ పేరుతో పర్యాటకుడిలా రమ్మని, అక్కడి నుంచి తాక్ ప్రాంతంలోని మే సోట్ మీదుగా మోయి నది దాటించి, మయన్మార్‌లోని మ్యావడ్డీ సైబర్ మోసాల శిబిరాలకు చేర్చే పద్ధతి ఇది. 2025 మార్చిలో వాయుసేన విమానాల్లో అక్కడి నుంచి తిరిగి వచ్చిన భారతీయుల్లో ఆంధ్ర, తెలంగాణ యువకులు కూడా ఉన్నారు. పర్యాటకుడిగా ప్రవేశించి ఉద్యోగం చేయడం చట్టవిరుద్ధం కాబట్టి, అలా రమ్మన్నప్పుడే మోసం బయటపడినట్లు. మ్యాపులో మే సోట్ దిశగా వెళ్తున్నట్లు కనిపిస్తే, నది దాటక ముందే పెట్రోలు బంకులోనో తనిఖీ కేంద్రంలోనో దిగి పోలీసుల సాయం కోరాలి, ఉన్నచోటు లొకేషన్ ఇంటికి పంపాలి. నది దాటాక థాయ్ పోలీసులు చేయగలిగింది చాలా తక్కువ.

పాస్‌పోర్టు పోయింది

ముందుగా దగ్గరలోని పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు రాయించి నకలు తీసుకోవాలి. దానితో, పాత పాస్‌పోర్టు కాపీ, ఫోటోలతో బ్యాంకాక్‌లోని భారత రాయబార కార్యాలయానికి వెళ్తే, భారత్‌కు ఒక్కసారి తిరిగి రావడానికి మాత్రమే చెల్లే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ కోసం దరఖాస్తు చేయవచ్చు. చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుని నేరుగా విమానాశ్రయానికి వెళ్లి చిక్కుకుంటారు. దేశంలోకి వచ్చినప్పుడు వేసిన ముద్ర పోయిన పాస్‌పోర్టులో ఉండిపోయింది కాబట్టి, ఇమ్మిగ్రేషన్ కార్యాలయంలో ఆ వివరాలను కొత్త పత్రం మీద నమోదు చేయించుకోవాలి. ఈ పనుల మధ్య గడువు దాటే ప్రమాదముంటే ఆ సంగతి అక్కడే ముందుగా చెప్పాలి. దాటిన ప్రతి రోజుకూ 500 బాట్ల చొప్పున, గరిష్ఠంగా 20,000 బాట్ల వరకు జరిమానా ఉంటుంది.