కారం తినే ఇంట్లో రియోహా వైన్

రియోహా రెడ్ వైన్‌కీ మన మిర్చికీ పడదని చాలామంది అంటారు. మహారాష్ట్రలోని ధర్మాబాద్‌లో మిర్చి కొని అమ్మేవాణ్ణి, ఆ మాట నేను ఒప్పుకోను. మిర్చిలో ఆ వైన్‌కి పడనిది కారం ఒక్కటే. మిర్చి రంగు, వాసన బ్రహ్మాండంగా కుదురుతాయి. ఉత్తర స్పెయిన్‌లో ఎబ్రో నది లోయలో ఉండే రియోహా వాళ్లూ బంగాళదుంపల కూరలో ఎండుమిర్చి గుజ్జు వేస్తారు. కాకపోతే వాళ్ల మిరపకాయలో కారం దాదాపు ఉండదు.

సీసా సంగతి ముందు. మా దగ్గర దొరకడం కష్టం, పుణెలో ఉండే మా బామ్మర్ది వచ్చేటప్పుడు తెస్తాడు. క్రియాన్సానే తెమ్మంటాను. అంటే కనీసం రెండేళ్లు ఆగిన వైన్, అందులో ఒక ఏడాది ఓక్ చెక్క పీపాలో. రెసెర్వాకి మూడేళ్లు, గ్రాన్ రెసెర్వాకి ఐదేళ్లు. సీసా వెనక చిన్న ముద్ర ఎర్రగా ఉంటే క్రియాన్సా, నీలంగా ఉంటే గ్రాన్ రెసెర్వా. గ్రాన్ రెసెర్వాలో తోలు, పొగాకు, ఎండు అంజీర్ లాంటి సున్నితమైన వాసనలుంటాయి. మసాలా కూర పక్కన అవి తేలవు, అంత డబ్బు పెట్టడం దండగ.

ఇందులో ముఖ్యమైన ద్రాక్ష టెంప్రానియో. గర్నాచా అనే ఇంకో ద్రాక్ష కొంచెం కలుపుతారు. తాగే ముందు గ్లాసు తిప్పి, మేం మార్కెట్‌లో కాయ విరిచి వాసన చూసినట్టే, ముక్కు దగ్గర పెట్టి ఆగండి. చెర్రీ, ఆల్‌బుఖారా తెలుస్తాయి. అమెరికన్ ఓక్ పీపా అయితే వెనిలా, కొబ్బరి కూడా. నోట్లో కొంచెం పులుపు, చిగుళ్ల మీద వగరు.

వేసవిలో మాకు నలభై డిగ్రీలు దాటుతుంది. అలా బయట ఉంచిన వైన్ తాగితే ఆల్కహాల్ ఘాటే తెలుస్తుంది. పదహారు, పద్దెనిమిది డిగ్రీలు సరిపోతుంది. సీసా ఫ్రిజ్‌లో పెట్టి, తాగేముందు కాసేపు బయట ఉంచండి. చేతికి చల్లగా తగలాలి, ఐస్‌లా ఉండకూడదు.

ఇక కూర. రియోహాలో ద్రాక్ష పుల్లల నిప్పు మీద గొర్రెపిల్ల చాప్స్ కాలుస్తారు. మనకు మటన్ సుక్కా, జొన్నరొట్టె. మాంసం, కొవ్వు వైన్‌లోని వగరును మెత్తబరుస్తాయి. ఎండుమిర్చి చీల్చి గింజలతోపాటు వాటిని పట్టి ఉండే తెల్లటి పొర గీకి తీసేయండి. అసలు కారమంతా ఆ పొరలోనే. మిగిలిన తొక్కలు వేడినీళ్లలో అరగంట నానబెట్టి, వెల్లుల్లితో మెత్తగా రుబ్బండి. ఆ ముద్దను నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించి మటన్ వేయాలి. కూర ఎర్రగా నిగనిగలాడుతుంది, నాలుక మాత్రం మండదు. మండితే వైన్ ఆ మంటను ఇంకా పెంచుతుంది, అందుకే ఇంత చెబుతున్నాను.

శాకాహారులకు నిప్పుల మీద కాల్చి మెదిపిన వంకాయ భరీత్ చక్కగా సరిపోతుంది, పైన కాస్త పల్లీల పొడి. పుట్టగొడుగుల వేపుడైనా సరే.

పచ్చిపులుసు మాత్రం ఆ పూట వద్దు. చింతపండు పులుపు ముందు వైన్ చప్పగా అయిపోతుంది. చేపల వేపుడుతోనూ వద్దు, నోట్లో ఇనుము నాకినట్టు ఉంటుంది.

సీసాలో మిగిలితే బిరడా బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి. మూడు రోజుల్లోపు తాగేయాలి.