ఒక కన్ను చిన్నగా కనిపిస్తోందా? ముందు పాత ఫోటో తీయండి

అమలాపురంలో మాది కళ్లజోళ్ల షాపు. పెళ్లిళ్ల సీజన్ దగ్గర పడితే చాలు, "ఫోటోల్లో నాకు ఒక కన్ను చిన్నగా పడుతోందండి, ఏమన్నా చెయ్యొచ్చా?" అని అడుగుతుంటారు. నేను తిరిగి అడిగేది ఒకటే: ఎప్పటి నుంచి? గుర్తులేదంటే టెన్త్ హాల్‌టికెట్టో, పాత పెళ్లి ఆల్బమో తెమ్మంటాను.

సెల్ఫీలోనే తేడా
ఫోన్ మరీ దగ్గర పెడితే, దానికి దగ్గరున్న కన్ను పెద్దగా పడుతుంది. నాలుగైదు అడుగుల దూరం నుంచి వేరేవాళ్లతో తీయించుకోండి. చిన్నపాటి తేడా చాలామందికి ఉంటుంది, దానికి కాటుక గీత కాస్త మందంగా దిద్దితే సరిపోతుంది.

కళ్లజోడు పెట్టుకుంటేనే తేడా
మైనస్ అద్దం కన్నును చిన్నగా, ప్లస్ అద్దం పెద్దగా చూపిస్తుంది. రెండు కళ్ల పవరూ బాగా వేరైతే ముఖమే తేడాగా కనిపిస్తుంది. కాంటాక్ట్ లెన్స్ నప్పితే ఆ తేడా చాలావరకు పోతుంది.

పైరెప్ప వాలింది
మొన్న ఒకావిడ కౌంటర్ దగ్గర గడ్డం పైకెత్తి, కుడి కనుబొమ ఎగలాగి నాతో మాట్లాడుతున్నారు. నుదుటి మీద ముడతలు కుడివైపే ఉన్నాయి. టార్చి వేస్తే నల్లగుడ్డు మధ్యలో తెల్లచుక్క మెరుస్తుంది కదా, ఆ చుక్క నుంచి పైరెప్ప అంచుకు మామూలుగా 4, 5 మిల్లీమీటర్లు ఉండాలి. ఆవిడకు 2 కూడా లేదు. పదేళ్ల నాటి ఫోటోలో రెండు కళ్లూ సమానం. వయసుతో రెప్పనెత్తే కండరం పట్టు సాగితే ఇలా వాలుతుంది. ఏళ్ల తరబడి కాంటాక్ట్ లెన్సులు వాడినా అంతే. దీనికి కాటుక కాదు, ఆ పట్టు బిగించే ఆపరేషన్ కావాలి. రెప్పల సర్జరీ చేసే కంటి డాక్టరుకే చూపించండి.

పొద్దున బాగుండి సాయంత్రానికి వాలుతుంటే అది మయస్థీనియా, అంటే నరాల సంకేతం సరిగా అందక కండరాలు త్వరగా అలిసిపోయే జబ్బు కావచ్చు. దానికి మందులున్నాయి, ముందే కత్తి దాకా వెళ్లకండి.

పిల్లలకైతే "పెద్దయితే అదే సర్దుకుంటుంది" అన్న మాట దయచేసి నమ్మకండి. రెప్ప అడ్డుపడిన కంటికి చూపే సరిగ్గా ఎదగదు.

ఉన్నట్టుండి రెప్ప వాలి, తలనొప్పి వచ్చినా, ఒకటి రెండుగా కనిపించినా, నల్లపాప పెద్దదైనా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. మన చేల దగ్గర ఇంకోటి గుర్తుంచుకోండి: నేల మీద పడుకున్న మనిషికి తెల్లారేసరికి రెండు రెప్పలూ వాలితే, గాటు కనబడకపోయినా కట్లపాము కాటేనేమో అని ఆసుపత్రికి పరుగెత్తండి.

రెండో కన్నే పెద్దదైంది
చిన్నదనుకున్నది మామూలు కన్నే, రెండోది ముందుకొచ్చి ఉండొచ్చు. థైరాయిడ్ జబ్బులో కన్ను ఇలా ముందుకొస్తుంది, ఆ పరీక్ష చేయించండి. సిగరెట్ మానాలి, అది ఈ జబ్బును ముదరబెడుతుంది. అందం కోసం చేసే సర్జరీ జబ్బు నెమ్మదించాకే.

కండరాన్ని సడలించే బొటాక్స్ సూదిమందు కనుబొమను కాస్త ఎత్తుతుంది, పని చేసేది మూడు నాలుగు నెలలే. పక్కకు పాకితే రెప్పే వాలుతుంది, కొన్ని వారాలకు తగ్గుతుంది. కారణం తేలకుండా ఆ సూది వద్దు.

దెబ్బతో కన్ను కుంగింది
వరికంకి గుచ్చుకుని పుండై, చూపు పోయి కన్ను చిన్నదైపోయినవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. దాని మీద పల్చటి కృత్రిమ కన్ను అమర్చవచ్చు. రెండో కన్ను చూసి రంగు దిద్దుతారు కాబట్టి రెడీమేడ్ కన్నా కొలతిచ్చి చేయించుకున్నదే నప్పుతుంది. చూపున్న ఆ రెండో కంటి రక్షణకు, పవరు లేకపోయినా, అంత తేలిగ్గా పగలని పాలీకార్బొనేట్ అద్దాలు పెట్టించండి. కోతలు, నూర్పుల రోజుల్లో వాటిని అస్సలు తీయొద్దు.